వీపీఎన్ కనెక్ట్ అయినా ఆఫీసు ఫోల్డర్ ఓపెన్ కావట్లేదా? ముందు మీ ఇంటి రౌటర్ నంబర్ చూడండి!

సాలూరు: వీపీఎన్ కనెక్టెడ్ అని స్క్రీన్ మీద కనిపిస్తుంది. ఆఫీసు సర్వర్‌లోని షేర్డ్ ఫోల్డర్ మాత్రం ఎంతసేపు చూసినా తెరుచుకోదు. లారీల ఊరు సాలూరులో కూర్చొని విశాఖ ఆఫీసుకు పనిచేసేవారికైనా, అమెరికా నుంచి హైదరాబాద్ సర్వర్ వాడేవారికైనా ఇదే తలనొప్పి. అసలు విషయం ఏంటంటే.. వీపీఎన్ కలిసినంత మాత్రాన ఫోల్డర్ దాకా దారి ఉన్నట్టు కాదు.

మొదట సర్వర్ పేరు బదులు దాని ఐపీ నంబర్‌తో ప్రయత్నించండి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, రెండు బ్యాక్‌స్లాష్‌లు పెట్టి ఐపీ కొట్టండి. తెరుచుకుందా? అయితే తేడా డీఎన్‌ఎస్‌లోనే. డొమైన్‌తో సహా సర్వర్ పూర్తి పేరు వాడితే చాలాసార్లు సరిపోతుంది.

ఐపీతోనూ రాలేదంటే రౌటర్ మీద అనుమానపడాలి. ఇళ్లలో రౌటర్లు ఎక్కువగా 192.168.1 లేదా 192.168.0తో మొదలయ్యే నంబర్లే ఇస్తాయి. ఆఫీసులోనూ అదే వరుస ఉంటే ఒకే డోర్ నంబర్‌తో రెండు ఇళ్లు ఉన్నట్టే! మీ కంప్యూటర్ ఆఫీసు సర్వర్‌ను మీ ఇంట్లోనే వెతుకుతుంది, వీపీఎన్ వైపు చూడదు. వైఫై వివరాల్లో మీ ఐపీ చూడండి. చుక్కలతో విడదీసిన మొదటి మూడు సంఖ్యలు సర్వర్ ఐపీతో కలిశాయంటే దొంగ దొరికినట్టే. రౌటర్ సెట్టింగ్స్‌లో లాన్ ఐపీని 192.168.57.1 లాంటి దానికి మార్చి రీస్టార్ట్ చేయండి.

ఫోల్డర్ తెరుచుకుని, పెద్ద ఫైల్ కాపీ మధ్యలో ఆగిపోతుంటే అది వేరే కథ. వీపీఎన్ ప్రతి ప్యాకెట్‌కూ ఒక కవరు తొడుగుతుంది. దాంతో సైజు మామూలు పరిమితి 1500 బైట్లు దాటిపోతుంది. ఎంటీయూను 1400కు తగ్గించి చూడమని ఐటీ వాళ్లను అడగండి.

ఎర్రర్ నంబర్ వస్తే విసుక్కోకుండా చదవండి. 53 అంటే సర్వర్ దాకా దారి దొరకలేదు. 5 అంటే దారి ఉంది, మీకు అనుమతి లేదు. పొద్దున్నే డ్రైవ్ మీద ఎర్ర ఇంటూ గుర్తు కనిపిస్తే కంగారు వద్దు. వీపీఎన్ కంటే ముందే విండోస్ ప్రయత్నించి ఉంటుంది. వీపీఎన్ కలిశాక డబుల్ క్లిక్ చేస్తే చాలు.

ఇవన్నీ ఎందుకు, రౌటర్‌లో 445 పోర్టు తెరిచేయండి, ఎస్ఎంబీ 1 ఆన్ చేయండి అని ఎవరైనా సలహా ఇస్తారు. రెండూ చేయొద్దు! 2017 మేలో వాన్నాక్రై వైరస్ పాకింది ఆ పోర్టు, ఆ పాత ఎస్ఎంబీ లోపం ద్వారానే. అప్పుడు శ్రీకాకుళం, విశాఖ సహా మన రాష్ట్రంలోని పలు జిల్లాల పోలీసు కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే ప్యాచ్ ఇచ్చినా చాలాచోట్ల వేసుకోలేదు. మీ ఆఫీసులోని పాత స్టోరేజ్ బాక్స్ ఎస్ఎంబీ 1తో తప్ప పనిచేయదంటే, మార్చాల్సింది ఆ బాక్స్‌నే.