నా గిట్ మళ్లీ తననే ఎందుకు పిలుచుకుంటోంది?

హోమ్ డైరెక్టరీలోని బిన్‌లో ‘గిట్’ పేరుతోనే ఒక షెల్ స్క్రిప్ట్ రాసుకున్నాను. నేనిచ్చిన ఆదేశాన్ని ఒక ఫైల్లో రాసిపెట్టి, ఆపైన అసలు గిట్‌ను నడపాలి. నడిపితే ఎంతకీ ముగియదు, ఫైలేమో ఒకే లైనుతో నిండిపోతోంది. ఎందుకు?

అసలుదేదో, మీరు రాసినదేదో షెల్‌కు తెలియదు. పాత్‌లో కోలన్లతో విడదీసిన డైరెక్టరీల వరుస ఉంటుంది. షెల్ దాన్ని ఎడమ నుంచి కుడికి వెతికి, ఆ పేరుతో నడపగలిగే ఫైలు మొదట ఎక్కడ దొరికితే దాన్నే నడుపుతుంది. మీ బిన్ ముందుంది కాబట్టే మీ స్క్రిప్ట్ నడిచింది. దాని లోపల మళ్లీ ‘గిట్’ అన్నారు. వెతికేది అదే వరుస, దొరికేదీ అదే ఫైలు.

‘కమాండ్ గిట్’ అని రాస్తే?

చాలామంది పొరబడేది ఇక్కడే. ‘కమాండ్’ పక్కన పెట్టేది షెల్ ఫంక్షన్లను. మీది ఫంక్షన్ కాదు, ఫైలు. పాత్‌లో మళ్లీ అదే ఎదురవుతుంది.

పూర్తి చిరునామా ఇచ్చేస్తే?

ఒక్క మెషీన్‌కైతే చాలు. కానీ లినక్స్‌లో /యూఎస్ఆర్/బిన్‌లో ఉండే గిట్, యాపిల్ చిప్ ఉన్న మ్యాక్‌లో హోమ్‌బ్రూతో వేసుకుంటే /ఆప్ట్/హోమ్‌బ్రూ/బిన్‌లో ఉంటుంది. పైగా పాత్‌లో మీ స్క్రిప్ట్ తర్వాత ఇలాంటిదే మరో ర్యాపర్ ఉంటే దాన్ని దాటేసి పోతారు. కంపైలర్లకు ఇలాంటి ర్యాపరే అయిన సీక్యాష్‌ను చూడండి. డెబియన్‌లో ‘జీసీసీ’ పేరుతో దానికి లింకులుంటాయి. ఆ పేరుతో పిలిస్తే తనను వదిలేసి పాత్‌లో మరో జీసీసీని వెతుక్కుంటుంది.

మరి నేనెలా వెతకాలి?

పాత్ నుంచి మీ బిన్‌ను తీసేసి పిలవడం సులువే. అయితే గిట్ నడిపే హుక్‌లకూ ఆ కుదించిన పాతే అందుతుంది. మీ బిన్‌లోని మిగతా స్క్రిప్టులేవీ వాటికి దొరకవు. అందుకే పాత్‌ను ముట్టుకోకుండా, దాన్ని కోలన్ల దగ్గర విడగొట్టి లూప్‌లో చూడటమే నాకిష్టం. ఒక్కో డైరెక్టరీలోని గిట్‌నూ టెస్ట్‌లోని ‘-ఈఎఫ్’తో మీ స్క్రిప్ట్‌తో పోల్చండి. అది పేర్లను కాదు, రెండూ ఒకే ఫైలా కాదా అన్నది చూస్తుంది కాబట్టి సింబాలిక్ లింకులకూ మోసపోదు. మీ స్క్రిప్ట్ కనబడ్డాక, దాని తర్వాత వచ్చే మొదటి గిట్‌ను తీసుకోండి. ‘నేను కానిది ఏదైనా సరే’ అనుకోవద్దు. అలా రాసిన ర్యాపర్లు రెండుంటే ఒకదాన్నొకటి పిలుచుకుంటూనే ఉంటాయి.

దొరికినదాన్ని ‘ఎగ్జెక్’తో నడపండి. షెల్ తప్పుకుని అదే ప్రాసెస్‌లోకి గిట్ వస్తుంది. ఎగ్జిట్ కోడ్, కంట్రోల్-సీ నేరుగా దానివే. ‘డాలర్ ఎట్’ను డబుల్ కోట్స్‌లోనే ఉంచండి, లేకుంటే ఖాళీలున్న ఫైలు పేర్లు ముక్కలవుతాయి.

‘టైప్ -ఏ గిట్’ కొడితే రెండూ వరుసలో కనబడాలి. అప్పటికీ పాతదే నడుస్తుంటే బ్యాష్ దాని చోటును గుర్తుపెట్టుకుందన్నమాట. ‘హ్యాష్ -ఆర్’ కొట్టండి.