వార్త చదివి బేరమాడుట
మైలవరం మామిడి రైతులకు కొన్ని సూచనలు

సంక్రాంతి వెళ్లినది మొదలు మైలవరం, రెడ్డిగూడెం, విస్సన్నపేట ప్రాంతముల తోటలలో మామిడి పూత కనిపించును. పూత నిలుచునో రాలునో తేలకముందే గుత్త వ్యాపారి తోటలోనికి వచ్చును. చెట్ల మధ్య ఒకమారు తిరిగి, రెండు మూడు కొమ్మలు వంచి చూచి, ఒక అంకె చెప్పును. రైతు మరియొక అంకె చెప్పును. నడుమ ఎక్కడనో బేరము కుదురును. సంవత్సరపు రాబడి అంతయు ఆ అరగంటలో తేలిపోవుచున్నది.

ఈ బేరములో వ్యాపారికి ఉన్న బలము డబ్బు మాత్రమే కాదు. నున్న మార్కెట్టులో నిరుడు ఏ రకము ఏ ధర పలికినదో, ఉత్తరాది నుండి కొనుగోలుదారులు వచ్చుచున్నారో లేదో, రసము ఫ్యాక్టరీలలో నిల్వ ఎంత మిగిలినదో అతడు తెలిసికొని వచ్చును. రైతు తన తోటను మాత్రమే ఎరిగియుండును. అయితే వ్యాపారికి తెలిసిన విషయములలో చాల భాగము రహస్యములు కావు. అవి మన యింటికి వచ్చు దినపత్రికలోనే, లోపలి పేజీలలో, చిన్న అక్షరములలో ఉండును.

1902లో బందరు నుండి కృష్ణాపత్రిక వెలువడిన నాళ్లలో పత్రిక అనగా దేశ వార్త. ఊరి వార్తకు అందులో చోటు తక్కువ. 1989లో ఈనాడు జిల్లాకొక అనుబంధము వేయ నారంభించిన తరువాత, ఇతర పత్రికలును ఆ దారి పట్టిన తరువాత, మండలములో తెగిన కాలువగట్టు, సంతలో పడిన ధర, దేవస్థానపు భూముల కౌలు వేలము, చెరువులో చేపల హక్కు వేలము, ఇవన్నియు అచ్చులోనికి వచ్చినవి. వాటిని మనము కాలక్షేపమునకు చదువుచున్నాము. లెక్క కొరకు చదువుట అలవాటు కాలేదు.

లెక్క కొరకు చదువు రైతు మొదట గ్రహింపవలసినది ఒకటున్నది. ధర పడినదని గాని పెరిగినదని గాని వచ్చు పెద్ద వార్త ఆలస్యముగా వచ్చు వార్త. ఆ ధరకు కారణమైన వార్త అంతకు కొన్ని నెలలు ముందే, ఎవరును పట్టించుకొనని మూలలో వచ్చియుండును.

2025 వేసవిలో చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడి ధర కూలిపోయినది. ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి నిలిచినవి. చివరకు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇచ్చునట్లును, ప్రభుత్వము 4 రూపాయలు కలుపునట్లును, మొత్తము 12 రూపాయలకు ఏర్పాటు చేయబడినది. ఈ వార్త మొదటి పేజీకెక్కినది. దీనికి ముఖ్య కారణములలో ఒకటి, అంతకు ముందు సంవత్సరపు రసము అమ్ముడుపోక ఫ్యాక్టరీలలో నిలిచియుండుట. నిల్వ ఉన్నవాడు కొత్త కాయకు తొందరపడడు. ఆ నిల్వల మాట మొదటి కాయ కోయక పూర్వమే తెలియదగినది. తెలిసికొనిన వారికి బేరము చేసికొనుటకు వ్యవధి దొరకును.

చిత్తూరు వార్తతో మైలవరమునకు పని యేమి అని కొందరు అడుగవచ్చును. పత్రిక తోతాపురి అని వ్రాయు కాయనే మన వైపు కలెక్టరు అని పిలుచుచున్నాము. పేరు వేరగుట వలన మన వార్త కాదనుకొని పేజీ త్రిప్పినవారున్నారు. కలెక్టరు చెట్లు ఎక్కువగా ఉన్న తోటవారు ముందుగా చదువవలసినది చిత్తూరు వార్తనే. జిల్లా హద్దులతో కూడ ఇట్టి చిక్కు గలదు. 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా విడిపోయినపుడు మైలవరము ఎన్.టి.ఆర్. జిల్లాలోను, నూజివీడు ఏలూరు జిల్లాలోను చేరినవి. తోటలు ఒకటే, పురుగు ఒకటే, వ్యాపారులు వారే. కాని హద్దుకు ఆవల జరిగిన సంగతి మన జిల్లా పేజీలో రాకపోవచ్చును. ప్రక్క జిల్లా పేజీని సెల్‌ఫోనులో చూచుట అలవాటు చేసికొనిన మేలు.

ఇక బేరము సంగతికి వత్తము. అయిదు ఎకరముల తోట ఉన్న రైతును ఊహించుకొందము. ఈ అంకెలన్నియు లెక్క తెలియుటకు మాత్రమే. వ్యాపారి పూత మీద 2 లక్షల గుత్త చెప్పినాడు. ఎకరమునకు 3 టన్నుల చొప్పున 15 టన్నుల కాయ దిగి, టన్ను 20,000 రూపాయలు పలికినచో 3 లక్షలు వచ్చును. కోత, బండి, కమీషను, తరుగు కలిపి టన్నుకు 5,000 చొప్పున 75,000 పోవును. పూత నుండి కోత వరకు మందుల ఖర్చు 40,000 అనుకొందము. చేతికి 1,85,000 మిగులును. అంటే గుత్తకిచ్చుటే లాభము. టన్ను 25,000 పలికినచో ఇదే లెక్కలో 2,60,000 మిగులును, అపుడు గుత్తకిచ్చినవాడు 60,000 పోగొట్టుకొన్నట్లే. అదే 25,000 ధరకు, పురుగు వలన దిగుబడి ఎకరమునకు 2 టన్నులే అయినచో మిగులునది 1,60,000. ఇపుడు గుత్తయే మేలు.

ఈ మూడింటిలో ఏది నిజమగునో ఎవరును చెప్పలేరు. కాని ఏ వైపు మొగ్గుచున్నదో చెప్పగల వార్తలు కొన్ని ఉన్నవి. 2021లో మిరప తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు వార్త మొదట మిరప రైతులదే అనిపించినది. తరువాతి సంవత్సరములలో మామిడి పూత మీద కూడ తామర పురుగుల బెడద వార్తలకెక్కినది. ప్రక్క మండలములో పూత మాడుచున్నదని చదివిన నాడే మన తోటలో పూతకొమ్మ క్రింద తెల్లకాగితము పట్టి తట్టి చూడవలెను. సన్నని పురుగులు రాలినచో మూడవ లెక్క జ్ఞాపకము చేసికొని బేరమాడవలెను. పురుగు లేక, ఇతర ప్రాంతములలో కాపు తగ్గినదని రెండు మూడు చోట్ల నుండి వార్తలు వచ్చినచో గుత్త ధర పెంచి అడుగుటకు ఆధారము దొరకినట్లే.

గుత్తలో మరియొక ప్రమాదము గలదు. బయానా ఇచ్చి, మిగిలినది కోతలో ఇచ్చెదనన్న వ్యాపారి, కాపు చెడినపుడు తోటవైపు రాకుండుట మన ప్రాంతములో అందరెరిగినదే. కనుక వాయిదాల తేదీలు కాగితము మీద వ్రాయించి, కాయ తోట దాటుటకు ముందే చివరి వాయిదా ముట్టునట్లు చేసికొనవలెను.

గొప్ప ధరల వార్తలు చదువునపుడు మరికొంత జాగ్రత్త కావలెను. 2023 జులై చివర మదనపల్లె మార్కెట్టులో టమాటా కిలో 200 రూపాయల వరకు పలికినది. ఆ వార్త చదివి నారు పోసినవారు ఎందరో. టమాటా నాటిన రెండు నెలలకు గాని కాపుకు రాదు. సెప్టెంబరు నాటికి కర్నూలు జిల్లాలో కిలోకు కొద్ది రూపాయలు కూడ రాక కాయను రోడ్డు ప్రక్కన పారబోసిన వార్తలు వచ్చినవి. జులై వార్త అబద్ధము కాదు. అది అప్పటికే కాయ చేతిలో ఉన్నవానికి పనికివచ్చు వార్త. పైగా పత్రికలో వచ్చునది తరచుగా గరిష్ఠ ధర. ఆ ధర పొందినది ఏ పది బుట్టలో కావచ్చును. మార్కెట్టు పట్టికలలో కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ అని మూడు ధరలుండును. ఎక్కువ సరుకు అమ్ముడైన ధర మూడవది. దానిని చూచి లెక్క వేసికొనవలెను.

ఈమూ పక్షుల సంగతి కూడ మరువరాదు. ఒకప్పుడు మన రాష్ట్రములోను, తమిళనాడులోను ఈమూ పెంపకమును గొప్ప అవకాశముగా వర్ణించు వ్యాసములు, ప్రకటనలు విరివిగా వచ్చినవి. గ్రుడ్డును, పిల్లను కొనినవారు చాలవరకు తామును పెంచి అమ్మవలెనని కొనినవారే. తినుటకు కొనువారు బహు కొద్దిమంది. 2012లో తమిళనాడులోని పెరుందురైలో ఒక పెద్ద సంస్థ కూలిన తరువాత అసలు సంగతి బయటపడినది. కొత్త అవకాశమని ఏ వార్త వచ్చినను, చివరకు ఈ వస్తువును ఇంటికి తీసికొనిపోయి వాడుకొనువాడెవడు అని అడిగి తీరవలెను.

మామిడి చెట్టును వార్త చూచి నాటలేము, వార్త చూచి పెరుకలేము. కనుక తోట ప్రాంతములో వార్త చూపు అవకాశము ఎక్కువగా పనిలో ఉండును. మాగవేయు పద్ధతి ఇందుకు మంచి ఉదాహరణము. కార్బైడుతో కాయ మాగవేయుట 2011 ఆహార భద్రతా నిబంధనల ప్రకారము నిషిద్ధము. 2015లో హైదరాబాదు హైకోర్టు కార్బైడు వాడకముపై పత్రికలలో వచ్చిన వార్తలను తానుగా విచారణకు స్వీకరించినది. తనిఖీలు, పట్టివేతలు వార్తలైనవి. వాటిని కొందరు నేర వార్తలుగా చదివినారు. మరికొందరు, కార్బైడు పోయినచో దాని స్థానములో ఏమి రావలెనని ఆలోచించినారు. ఎథిలీను వాయువును 100 పి.పి.ఎం. మించకుండ వాడుటకు అనుమతి గలదు. దీనికి గాలి చొరని గది, చల్లదనము, లెక్క తెలిసిన మనిషి కావలెను. నాలుగు తోటలవారు కలిసిన ఒక గదిని అద్దెకైనను తీసికొనవచ్చును. పొడి సంచులు వాడువారు అవి కాయను తాకకుండ చూడవలెను.

కాయలకు కాగితపు సంచులు తొడుగుట రెండవది. కాయ కోడిగ్రుడ్డంత అయినపుడు సంచి తొడిగినచో పండు ఈగ, ఎండమచ్చ, రాపిడి మచ్చ తగ్గును, రంగు కుదురును. ఈ సంగతి పత్రికలలో వచ్చుచునే ఉన్నది. అడ్డంకి సంచి ధర ఒక్కటే కాదు, తొడుగు చేతులు. నిచ్చెనలు, చిక్కములు కలిగి, సొన కారకుండ ముచ్చికతో కాయ కోయనేర్చిన పదిమంది ముఠా ఒకటి ఊరిలో ఉన్నచో మార్చి నుండి జూన్ వరకు వారికి పని తప్పదు. కూలీలు దొరకుటలేదను వార్తను తోటవాడు కష్టముగా చదువును. పని నేర్చిన యువకుడు దానిని ఉద్యోగ ప్రకటనగా చదువవచ్చును.

2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడను ముంచినది. ఆ ఏరు పుట్టునది మైలవరము చుట్టుప్రక్కల కొండలలోనే. నీరు తీసిన తరువాత నగరములోను, పల్లెలలోను తడిసిన మోటార్లు బాగుచేయువారి కొరకు జనము రోజుల తరబడి కాచుకొనిరి. వైండింగు పని తెలిసినవాని అవసరము అపుడు తెలియవచ్చినది. అదే వరదలో కొందరు పడవవారు మనుష్యులను దాటించుటకు వేల రూపాయలు అడిగిరని కూడ వార్తలు వచ్చినవి. దానిని అవకాశమనుటకు ఈ వ్యాసకర్తకు నోరు రాదు.

ఒకమారు వచ్చి పోవు వార్తకును, ఏటేట మరల వచ్చు వార్తకును భేదము గలదు. కొండపల్లి బొమ్మలకు తెల్లపొణికి కఱ్ఱ కరవైనదను వార్త ఎన్నో ఏండ్లుగా వచ్చుచున్నది. అంటే అవసరము నిలుకడగా ఉన్నది, తీర్చువారు చాలలేదు. విత్తనము పెంకు గట్టిది, మొలక కష్టము. అందుచేతనే నారుమడి పెంచువానికి ఇందులో చోటున్నది. అయితే చెట్టు చేతికి వచ్చుటకు ఏండ్లు పట్టును. మొక్క నాటకముందే అటవీ శాఖవారిని, బొమ్మలు చేయువారిని కలిసి మాట్లాడవలెను.

ఇంటిలో ఒక నోటుపుస్తకము పెట్టి, తోటకు సంబంధించిన వార్త కత్తిరించి అంటించి, ప్రక్కన తేదీ వేయవలెను. క్రింద రెండు పంక్తులు వ్రాసిన చాలును: దీనివలన నష్టపడుచున్నది ఎవరు, ఆ నష్టము తగ్గించినవానికి డబ్బు ఇచ్చునది ఎవరు. రెండవ పంక్తి ఖాళీగా మిగిలినచో అది వ్యాపారము కాదు, వట్టి వార్త. నమ్ముటకు ముందు ఆ వార్త వలన లాభము గాని నష్టము గాని లేని ఇద్దరికి ఫోను చేయవలెను, అందులో ఒకరు రైతు సేవా కేంద్రపు ఉద్యాన సహాయకుడైన మంచిది. వాట్సాపులో వచ్చిన మాటను, ఏ పత్రిక, ఏ తేదీ అని తెలియనంత వరకు పుస్తకములో అంటింపరాదు.

రాబోవు పూత కాలమునకు పనికిరావలెనన్న ఈ పుస్తకమును జూన్ నెలలో, కోత ముగిసిన వారములోనే మొదలుపెట్టవలెను. ఏ రకము ఏ తేదీన ఏ ధరకు పోయినదో అప్పుడు ఊరిలో అందరికిని జ్ఞాపకముండును. జనవరిలో వ్యాపారి వచ్చునప్పటికి అతనికి తప్ప ఎవరికిని ఉండదు.