మీకు తెలుసా? చప్పుడు లేని కంప్యూటర్‌కు క్యాబినెట్టే ప్రాణం

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి కంప్యూటర్ సామాన్లు కొనేవాళ్లను ఓసారి గమనించండి. ముందు ప్రాసెసర్, తర్వాత మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ. చేతిలో మిగిలినదాన్ని బట్టి ఆఖర్న క్యాబినెట్. మామూలు కంప్యూటర్‌కు ఆ వరసతో పెద్ద నష్టం లేదు. ఫ్యాన్ లేని చిన్న కంప్యూటర్ కట్టుకునేవాళ్లు మాత్రం వరస తిరగెయ్యాలి. ముందు క్యాబినెట్ చూసుకుని, అది ఎంత వేడి మోయగలదో తెలుసుకుని, అప్పుడు ప్రాసెసర్ ఎంచుకోవాలి. ప్రాసెసర్ వేడిని తన ఒంటి మీదకు తీసుకుని గదిలోకి వదలాల్సింది ఆ క్యాబినెట్టే మరి.

పడగ్గదిలో రాత్రంతా నడిచే ఇంటి సర్వర్ ఉన్నవాళ్లు, పాఠాలు రికార్డు చేసుకునే టీచర్లు, నిశ్శబ్దంలో పాట వినాలనుకునేవాళ్లు ఈ కంప్యూటర్లు కోరుకుంటారు. వాళ్లకు పనికొచ్చే కొన్ని సంగతులివి.

170 అనే అంకె

చిన్న క్యాబినెట్ల లోకంలో మొదట గుర్తుంచుకోవాల్సిన కొలత 170 మిల్లీమీటర్లు. తైవాన్‌కు చెందిన వయా కంపెనీ 2001లో మినీ ఐటీఎక్స్ బోర్డును తెచ్చింది. పొడవు 170, వెడల్పు 170. జానెడు కంటే తక్కువే. వయా ఎపియా పేరుతో తెచ్చిన తొలి బోర్డుల్లో ఒకదాని మీద ఈడెన్ అనే 533 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఉండేది. దాని నెత్తిన వేడిని లాగే లోహపు రెక్కల హీట్ సింక్ ఉండేది, ఫ్యాన్ ఉండేది కాదు. బోర్డు చిన్నదవడం, చప్పుడు పోవడం రెండూ కవలల్లా కలిసే పుట్టాయన్నమాట.

ఇంటెల్ తెచ్చిన నక్ బోర్డులు ఇంకా చిన్నవి, 4 అంగుళాల చదరం. 2023లో ఇంటెల్ ఆ వరస నుంచి తప్పుకుని ఆసుస్‌కు అప్పగించింది. వీటికీ ఫ్యాన్ లేని క్యాబినెట్లు దొరుకుతాయి కానీ, ఏ తరం బోర్డుకు చేసినది ఆ తరానికే సరిపోతుంది. ప్రాసెసర్ కూర్చునే చోటు, వెనక పోర్టుల కన్నాలు ఒక్కో తరానికి ఒక్కోలా ఉంటాయి. మినీ ఐటీఎక్స్‌లో ఆ చిక్కు తక్కువ. నాలుగేళ్ల తర్వాత బోర్డు మార్చినా పాత క్యాబినెట్ ఉంచుకోవచ్చు. మంచి అల్యూమినియం క్యాబినెట్‌కు పెట్టే డబ్బు తక్కువేమీ కాదు కాబట్టి నా ఓటు మినీ ఐటీఎక్స్‌కే.

కాగితం మీద వేసుకోగల లెక్క

క్యాబినెట్ ఎంత వేడి వదలగలదో మనమే మోటుగా లెక్క కట్టవచ్చు. కదలని గాలిలో ఉన్న లోహపు పెట్టె, గది కంటే ఒక్క డిగ్రీ వేడెక్కితే, చదరపు మీటరుకు సుమారు 10 వాట్లు వదులుతుంది. అందులో సగం గాలి మోసుకుపోతుంది, మిగతా సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా పోతుంది.

20 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 6 ఎత్తు ఉన్న నున్నటి పెట్టె తీసుకుందాం. అడుగు బల్లకు ఆనుకుని ఉంటుంది, దాన్ని వదిలేద్దాం. పై మూత, నాలుగు పక్కలు కలిపితే 0.088 చదరపు మీటర్లు. పెట్టె గది కంటే 20 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే వదిలేది 18 వాట్ల లోపే. పెట్టె ఒంటికి లోహపు రెక్కలు ఉంటే ఉపరితలం పెరిగి ఈ అంకె పైకి వెళుతుంది.

ఇక్కడే మన ఊళ్ల సంగతి తీసుకోవాలి. గది 25 డిగ్రీలుంటే ఆ పెట్టె 45 దగ్గర ఆగుతుంది. చేతికి వెచ్చగా తగులుతుంది, అంతే. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో ఏసీ లేని గది 40 దాకా పోతే అదే పెట్టె 60కి చేరుతుంది. ఇక చేయి ఆనించి ఉంచలేం. లోపల ప్రాసెసర్ దానికంటే ఇంకా వేడిగా ఉంటుంది. చాలా ప్రాసెసర్లు 100 డిగ్రీల చుట్టుపక్కలకు వచ్చేసరికి తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించేస్తాయి. క్యాబినెట్ అట్ట మీద 35 వాట్లనో 65 వాట్లనో రాసి ఉంటే, ఎన్ని డిగ్రీల గదిలో అన్న ప్రశ్న తప్పకుండా వేయండి. జవాబు దొరక్కపోతే ఆ అంకెలో మూడోవంతు తీసేసి లెక్క వేసుకోవడం మన ఎండలకు క్షేమం.

ప్రాసెసర్ పక్కన రాసిన వాట్లనూ యథాతథంగా నమ్మకూడదు. ఇంటెల్ ఎన్100కు 6 వాట్లని రాసి ఉంటుంది. చాలా బోర్డులు దాన్ని అంతకు మించి పరిగెత్తనిస్తాయి. ర్యామ్, ఎస్ఎస్‌డీ, నెట్‌వర్క్ చిప్‌ల వేడి కూడా కలిసి, పూర్తి పని మీద యంత్రం మొత్తం లాగేది ఆ 6కి రెండు మూడు రెట్ల పైనే ఉంటుంది. క్యాబినెట్ మోయాల్సింది ఆ మొత్తాన్ని.

ఇడ్లీ పాత్రలో ఉన్న సూత్రమే

ఫ్యాన్ లేని క్యాబినెట్ తెరిస్తే ప్రాసెసర్ మీద నుంచి పక్క గోడలకు వంగి వెళ్లే రాగి గొట్టాలు కనిపిస్తాయి. చాలామంది అవి గట్టి రాగి కడ్డీలనుకుంటారు. లోపల డొల్ల. అందులో కొద్దిపాటి నీరు ఉంటుంది, గాలి తీసేసి మూసి ఉంటుంది. గాలి లేదు కాబట్టి ఆ నీరు 100 డిగ్రీల దాకా ఆగదు, చాలా ముందే ఆవిరవుతుంది. ఆవిరి చల్లటి కొసకు పరిగెత్తి, అక్కడ నీరై, వేడిని గోడకు ఇచ్చేస్తుంది. గొట్టం లోపలి గోడకు అంటుకున్న వత్తిలాంటి పొర ఆ నీటిని మళ్లీ ప్రాసెసర్ దగ్గరకు పీల్చుకొస్తుంది. ఇడ్లీ పాత్ర అడుగున నీళ్లు ఆవిరై, మూతకు తగిలి, బొట్లుగా కిందకు జారడం రోజూ చూసేదే. పనిచేసే సూత్రం అదే.

దీనికి హీట్ పైప్ అని పేరు పెట్టి, పనితీరును లోకానికి చూపినవాడు జార్జ్ గ్రోవర్. 1963లో, అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో. అంతరిక్షంలో వాడే విద్యుత్ యంత్రాల వేడి గురించి ఆలోచిస్తూ ఆయన ఆ పని చేశాడు. అలాస్కాలో 1977లో మొదలైన చమురు పైప్‌లైన్ స్తంభాలలోనూ హీట్ పైపులు ఉన్నాయి, సుమారు 1,24,000. అక్కడ నీటి బదులు అమ్మోనియా వాడారు. నేలలోని మంచు కరిగి స్తంభాలు కుంగిపోకుండా నేల వేడిని అవి పైకి లాగి గాలిలో వదిలేస్తాయి. అంత పెద్ద పని చేసే ఉపాయం మన బల్ల మీద 6 మిల్లీమీటర్ల గొట్టంలో ఒదిగి ఉండడం నాకు ఎప్పటికీ అబ్బురమే.

హీట్ పైప్ పనిచేసే ఈ తీరు నుంచి వాడకానికి పనికొచ్చే సంగతి ఒకటుంది. ఆవిరి పైకి పోవడం, నీరు కిందకు రావడం సులువు. కాబట్టి క్యాబినెట్‌ను కంపెనీ చెప్పిన వైపే నిలబెట్టాలి. చోటు లేదని తలకిందులుగా గోడకు బిగిస్తే కొన్ని పైపులు సగం పని మానేస్తాయి.

అల్యూమినియం గరిట, స్టీలు గరిట

మరిగే పులుసులో అల్యూమినియం గరిట, స్టీలు గరిట రెండూ పెట్టి చూడండి. అల్యూమినియం కాడ కాసేపటికే చెయ్యి పెట్టనివ్వదు, స్టీలుది చాలాసేపు ఓర్చుకుంటుంది. వంటలో స్టీలు మేలు, ఇక్కడ అల్యూమినియం మేలు. అల్యూమినియం మామూలు ఉక్కు కంటే 4 రెట్లు, స్టెయిన్‌లెస్ స్టీలు కంటే 10 రెట్లకు పైగా వేగంగా వేడిని మోస్తుంది.

నేను మొదటిసారి కట్టుకున్న చిన్న కంప్యూటర్‌కు చూడముచ్చటైన రేకు డబ్బా తీసుకున్నాను. ఫ్యాన్‌లెస్ అనే అమ్మారు. లోపల ప్రాసెసర్ మీద చిన్న హీట్ సింక్ ఉంది, దానికీ పై మూతకూ మధ్య వేలు పట్టేంత గాలి. వేడిని మోయడంలో గాలి ఎంత సోమరి అంటే, అల్యూమినియం దానికంటే కొన్ని వేల రెట్లు మెరుగు. జనవరిలో బాగానే నడిచింది. ఏప్రిల్ రెండో వారానికి వీడియో ఆగి ఆగి కదలడం మొదలుపెట్టింది. మూత ముట్టుకుంటే చల్లగానే ఉంది! ఫ్యాన్ లేని కంప్యూటర్ పని చేస్తున్నప్పుడు ఒళ్లు చల్లగా ఉందంటే వేడి లోపలే చిక్కుకుందని అర్థం. ఒళ్లు వెచ్చబడడమే దానికి ఆరోగ్యం. కాబట్టి బయటి అందం చూసేముందు ప్రాసెసర్ నుంచి గోడ దాకా లోహం తెగకుండా ఉందా అని చూడండి. మధ్యలో ఉండాల్సింది పల్చటి థర్మల్ పేస్ట్ పొర మాత్రమే.

నలుపు రంగు వల్లే చల్లబడుతుందా?

కాదు. మెరిసే అల్యూమినియం పరారుణ కిరణాలను చాలా తక్కువగా వదులుతుంది. అనొడైజ్ చేస్తే పైన ఏర్పడే ఆక్సైడ్ పొర వాటిని బాగా వదులుతుంది. ఆ పొరకు వేసిన రంగు నలుపైనా వెండి రంగైనా తేడా బహు స్వల్పం. ఇంటికి నప్పే రంగు తీసుకోండి. అద్దంలా పాలిష్ చేసినది మాత్రం వద్దు.

రెక్కలు ఎడంగా ఉండాలి

ఫ్యాన్ ఉన్న హీట్ సింక్‌లో రెక్కల మధ్య 2 మిల్లీమీటర్ల సందు ఉన్నా ఫ్యాన్ గాలిని తోసేస్తుంది. తోసేవాడు లేని చోట గాలి తనంతట తాను వేడెక్కి, తేలికై, లేవాలి. ఇరుకు సందులో అది గోడలకు అంటుకుని కదలదు. అందుకే మంచి ఫ్యాన్‌లెస్ క్యాబినెట్లలో రెక్కలు లావుగా, ఎడంగా, నిలువుగా ఉంటాయి. పాత మండువా లోగిళ్లలో వేడి గాలి నడిమి ఆకాశంలోకి వెళ్లినట్టు దారి తెరిచి ఉండాలి. టీవీ కింద అరలో తోసేస్తే, పైన కవర్ కప్పితే ఎంత ఖరీదైన క్యాబినెట్ అయినా ఉడుకుతుంది.

ఆపిల్ రెండుసార్లు పడిన పాట్లు

1980లో వచ్చిన ఆపిల్ 3కి ఫ్యాన్ వద్దని స్టీవ్ జాబ్స్ పట్టుబట్టాడు. వేడిని మోయడానికి అల్యూమినియం పోత పోసిన ఒళ్లు ఇచ్చారు. వేడికీ, బోర్డు ఇరుకుకీ చిప్‌లు సాకెట్లలోంచి వదులయ్యాయి. యంత్రాన్ని కొన్ని అంగుళాలు ఎత్తి బల్ల మీద వదలండి, చిప్‌లు సర్దుకుంటాయి అని వాడకందార్లకు సలహా ఇచ్చిన చరిత్ర దానిది. 2000లో మళ్లీ ఫ్యాన్ లేని పవర్ మ్యాక్ జీ4 క్యూబ్ తెచ్చారు. 8 అంగుళాల ఘనం, నడుమ నిలువు దారి, కింద నుంచి చల్లగాలి, పైన జల్లెడ. వేడిని మోసే తీరులో అది చక్కటి ఆలోచన. ధర ఎక్కువై అమ్మకాలు సాగలేదు, ఏడాదికే 2001లో ఆపేశారు. కొరియాకు చెందిన జాల్‌మన్ మరో దారి పట్టింది. టీఎన్ఎన్ 500ఏ అనే క్యాబినెట్‌లో పక్క గోడలే హీట్ సింక్‌లు. బరువు పాతిక కిలోల దాకా. బియ్యం బస్తా ఎత్తినట్టే.

ఫ్యాన్ లేకపోయినా ఈల వినిపించవచ్చు

బోర్డు మీది కాయిల్స్ కరెంటు హెచ్చుతగ్గులకు కంపించి సన్నగా కూస్తాయి. ఫ్యాన్ చప్పుడు ఉన్నప్పుడు ఇది వినబడదు, నిశ్శబ్దంలో బయటపడుతుంది. దీనికి క్యాబినెట్ చేసేదేమీ లేదు, బోర్డు మార్చుకోవాలి. హార్డ్ డిస్క్ కూడా గరగరలాడుతుంది కనుక ఎస్ఎస్‌డీ తప్పనిసరి. ఎం.2 రకం ఎస్ఎస్‌డీ బాగా వేడెక్కుతుంది, దానికి థర్మల్ ప్యాడ్ తగిలించి గోడకు ఆనించే ఏర్పాటు ఉన్న క్యాబినెట్ అయితే మేలు.

వైఫై సంగతి చాలామంది మరిచిపోతారు. నాలుగు వైపులా అల్యూమినియం ఉన్న పెట్టెలోకి రేడియో తరంగాలు దూరవు. వెనక యాంటెనా కన్నాలు ఉన్నాయో లేదో కొనేముందే చూసుకోండి. కరెంటు మార్చే ఎస్ఎంపీఎస్‌ను లోపల పెట్టకుండా ల్యాప్‌టాప్‌కు ఉండేలాంటి అడాప్టర్ బయట ఉంటే, కరెంటు మార్పిడిలో పుట్టే వేడి క్యాబినెట్‌లోకి రానే రాదు.

మన ఇళ్లకు ఫ్యాన్‌లెస్ క్యాబినెట్ ఇచ్చే అసలు వరం దుమ్ము రాకపోవడం. ఫ్యాన్ గాలితో పాటు గదిలో దుమ్మునూ పీలుస్తుంది, రెండు వేసవులకే హీట్ సింక్ మీద బొంత పరుస్తుంది. కన్నాల్లేకుండా మూసి ఉన్న అల్యూమినియం పెట్టెలోకి దుమ్ము, చీమ, బల్లి ఏదీ రాదు. చేయాల్సిందల్లా వారానికోసారి రెక్కల మధ్య పొడి గుడ్డ పెట్టి తుడవడం.

కొనబోయేముందు మీ గదిలో ఒక థర్మామీటర్ వేలాడదీయండి. మే నెల మధ్యాహ్నం 2 గంటలకు, కంప్యూటర్ పెట్టబోయే మూలనే. అది చూపే అంకెకు మరో 20 కలపండి. ఒళ్లు అంత వేడెక్కినా రోజంతా నిలబడగల క్యాబినెట్ ఏదో అది తీసుకోండి. డిసెంబర్‌లో కొంటున్నా సరే, లెక్క మాత్రం మే నెలదే వేయండి.