ఉప్పుచేపపై ఎర్రమచ్చ

కాకినాడకు ఉత్తరాన ఉప్పాడ తీరంలో ఉప్పుచేపలు తయారుచేసే ఒక ఇంటికి వెళ్ళాను. అప్పుడే విప్పిన సంచిలోని చేపలపై గులాబిరంగు జిగురు వ్యాపించి ఉన్నది. వాసన కూడా చెడ్డది. కొనేవాడు సగం ధర కూడా ఇవ్వడు. "ఉప్పు తక్కువేశావేమే?" అని అత్తగారు కోడలిని గద్దించింది.

కోడలు ఉప్పు తక్కువ వేయలేదు. ఆ ఎరుపు ఉప్పుతోనే వచ్చింది.

ఇది అర్థం కావాలంటే ముందు ఉప్పు ఏమి చేస్తుందో చూడాలి. వేట మగవారిదైనా, చేపను కోయటం, ఉప్పు పట్టించటం, ఎండబెట్టటం, సంతకు మోయటం చాలావరకు ఆడవారి పనే. పెద్ద చేపను చీల్చి, పేగులూ మొప్పలూ తీసి, కడిగి, తొట్టెలో ఒక వరుస చేప, ఒక వరుస ఉప్పు పేరుస్తారు. తెల్లవారేసరికి తొట్టెలో నీరు నిలుస్తుంది. మాగాయకు ఉప్పులో వేసిన మామిడి ముక్కలు ఊట వదలటం మన ఇళ్ళలో చూచినదే. చేప బరువులో సుమారు 70 నుంచి 80 శాతం నీరే. బయట ఉప్పు గాఢత హెచ్చుగా ఉండటంవల్ల ఆ నీరు కణాల పొరలను దాటి వెలుపలికి వస్తుంది. దీనినే ద్రవాభిసరణం అంటారు. ఉప్పు క్రమంగా లోపలికి చేరుతుంది. తరువాత ఎండ మిగిలిన పని చేస్తుంది.

చేపలో నీరు పూర్తిగా పోదు, పోనక్కరలేదు కూడా. ఉప్పు పట్టి ఉంచిన నీరు సూక్ష్మజీవులకు అక్కరకు రాదు. శుద్ధజలంలో నీటి లభ్యతను 1 అనుకుంటే, ఉప్పు ఇక కరగని సంతృప్త ద్రావణంలో అది 0.75 మాత్రమే. చేపను కుళ్ళించే బాక్టీరియా చాలావరకు 0.90కి దిగువన పెరగలేవు.

కాని ఉప్పులేనిదే బ్రతకలేని జీవులు కూడా ఉన్నాయి. ఉప్పుమడిలో నీరు ఇంకి చిక్కబడినప్పుడు ఎర్రబారటానికి ఇవి ఒక కారణం. వీటిలో ఒకదాని పేరు హాలోబాక్టీరియం. పేరులో బాక్టీరియా ఉన్నా, నేటి శాస్త్రజ్ఞులు దీనిని ఆర్కియా అనే వేరు వర్గంలో చేర్చారు. ఎండలో పండించిన ఉప్పుతో ఇవి తొట్టెలోకి వస్తాయి. ఒకసారి వాడిన ఉప్పును దులిపి మళ్ళీ వాడితే మరింత హెచ్చుతాయి. చేప సరిగా ఆరకపోయినా, గది వెచ్చగా ఉన్నా వాటికి అనుకూలమే. ఉప్పాడలో సముద్రం ఒడ్డును కోసివేస్తూ ఉండటంవల్ల చేపలు ఆరబెట్టే చోటే కరువవుతున్నది.

వీటికి విరుగుడు మంచినీరు. ఉప్పు తగ్గిన నీటిలో ఈ జీవుల కణాలు పగిలిపోతాయి. అయితే చేపను మంచినీటిలో ముంచితే ఉప్పు కరిగిపోయి మామూలు కుళ్ళు మొదలవుతుంది. కనుక మంచినీటితో కడగవలసినది తొట్టెను, బల్లలను, కత్తులను. మచ్చ కొద్దిగా ఉన్న చేపను చిక్కని, శుభ్రమైన ఉప్పునీటిలో కడిగి తిరిగి ఎండబెట్టవచ్చు.

ఆ సాయంత్రమే కోడలు తొట్టెను మంచినీటితో రుద్ది కడిగింది. మూలనున్న పాత ఉప్పు గోనెను పారబోయటానికి మాత్రం అత్తగారు ఒప్పుకోలేదు.