జనగణన నమూనా: పెద్దదే మంచిదా?

జనాభా మీద పరిశోధన మొదలుపెట్టే విద్యార్థులు చాలామంది ముందు పెద్ద ఫైలు కోసం వెతుకుతారు. తమ ప్రశ్న ఏమిటో తేల్చుకోకుండా ఫైలు దించుకుంటే నెలల శ్రమ నీళ్లపాలవుతుంది. అమెరికా జనగణన సమాచారం విషయంలో ఇది మరీ ఎక్కువ.

అపోహ: మొత్తం జనాభా ఫైలు చేతికొస్తే ఇక నమూనాతో పనిలేదు.

వాస్తవం: 1940 లెక్కలనే తీసుకోండి. 72 ఏళ్ల గోప్యత ముగిసి 2012లో అవి పేర్లతో సహా బయటికొచ్చాయి. 13 కోట్లకు పైగా మనుషుల వివరాలున్నాయి. కానీ అమెరికా జనగణన తొలిసారి నమూనా పద్ధతి వాడింది కూడా 1940లోనే. వివరాలు రాసే షెడ్యూలు పత్రంలో ఒక్కో పక్క 40 వరుసలుండేవి. ముందే గుర్తుపెట్టిన రెండు వరుసల్లో ఎవరి పేరు పడితే, వాళ్లనే అదనపు ప్రశ్నలు అడిగేవారు: అమ్మానాన్నలు పుట్టిన చోటు, మాతృభాష, పెళ్లయిన స్త్రీకి తొలి పెళ్లినాటి వయసు, కన్న పిల్లలెందరు. అంటే 20 మందిలో ఒకరినే. 13 కోట్ల వరుసలున్నా, సంతానం గురించిన జవాబులు ఆ 5 శాతంలోనే దొరుకుతాయి.

ఆ వరుసల ఎంపికలోని జాగ్రత్త చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. ఎన్యూమరేటరు లెక్క మొదలుపెట్టేది ఇంటి పెద్ద పేరుతో. ఎప్పుడూ పై వరుసనే ఎంచుకుంటే నమూనా నిండా ఇంటి పెద్దలే ఉంటారు. అందుకని వేర్వేరు వరుసలకు గుర్తుపెట్టిన షెడ్యూళ్లు అచ్చువేయించారు.

అపోహ: ప్రభుత్వం విడుదల చేసిన ఫైలును సరిచూడక్కర్లేదు.

వాస్తవం: 2000 జనగణన 5 శాతం నమూనాలో 65 ఏళ్లు దాటినవారి వయసు, లింగం లెక్కలు అధికారిక పట్టికలతో పొసగలేదు. కొన్నిచోట్ల తేడా 15 శాతం దాకా ఉందని 2010లో అలెగ్జాండర్, డావెర్న్, స్టీవెన్‌సన్ బయటపెట్టారు. వ్యక్తుల గోప్యత కోసం చేసిన మార్పుల్లోనే పొరపాటు జరిగింది. వృద్ధుల మీద పనిచేసేవారు పట్టికలతో పోల్చకుండా అడుగు ముందుకు వేయకూడదు.

అపోహ: పరిశోధకులకు జనాభా ఫైళ్లు అందించే ఐపమ్స్ అంతర్జాతీయ సేకరణలో భారత్ పేరిట ఉన్నది జనగణనే.

వాస్తవం: కాదు. 1983 నుంచి 2009 దాకా అక్కడున్నవి జాతీయ నమూనా సర్వే ఉపాధి ఫైళ్లు. వాటిని జనగణనగా పేర్కొంటే సిద్ధాంత వ్యాసంలో తప్పు దొర్లినట్టే.

అపోహ: అమెరికాలోని తెలుగువారి గురించి అక్కడ ఏటా జరిగే జనాభా సర్వేలో ఒక్క ఏడాది ఫైలు చాలు.

వాస్తవం: ఆ ఫైలులో ఉండేది జనాభాలో సుమారు 1 శాతం. ఒక కౌంటీలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 3,000 మంది ఉన్నారనుకుంటే, ఫైలులో 30 మంది దొరుకుతారు. వాళ్లను వయసు, చదువు, ఉద్యోగం ప్రకారం విడగొడితే ఒక్కో గడిలో ఇద్దరో ముగ్గురో మిగులుతారు. పైగా లక్షకు తక్కువ జనమున్న ప్రాంతాన్ని ఆ ఫైలులో విడిగా చూపరు. అలాంటప్పుడు ఐదేళ్ల ఫైలు తీసుకుని, ప్రశ్నను కౌంటీ స్థాయి నుంచి రాష్ట్ర స్థాయికి మార్చుకోవడం మంచిది. ఫైలులోని ప్రతి మనిషీ ఎందరికి ప్రతినిధో చెప్పే వెయిటును లెక్కలో కలపడం మాత్రం మరవద్దు.