గుడిమల్లం చూసొద్దాం

తిరుపతిలో గుడి అంటే అందరూ కొండ వైపే చూస్తారు. మేమూ అంతే. రేణిగుంట దాటి పాపానాయుడుపేట మీదుగా పోతే పొలాల నడుమ గుడిమల్లం ఉందని, అక్కడి పరశురామేశ్వరుడు చాలా పాతవాడని మా సాంఘిక శాస్త్రం సారు చెప్పేదాకా మాకు తెలియదు. ఒక ఆదివారం బయలుదేరాము.

గోడల్ని చూసి ఈ గుడి వయసు లెక్క కట్టకూడదు. ఏనుగు వీపులా గుండ్రంగా ఉన్న విమానం చోళుల కాలం నాటి కట్టడం. లోపలి లింగం అంతకంటే ఎంతో ముందుది. శిల్పశైలిని బట్టి క్రీస్తుకు పూర్వం 2, 1 శతాబ్దాల నాటిదని చాలామంది పండితులు అంటారు. కొందరు ఇంకా తరువాతిదని అంటారు. 1973లో జరిగిన తవ్వకాల వల్ల, మొదట్లో లింగం ఆరుబయట రాతి కంచె మధ్య ఉండేదని తెలిసింది.

గర్భగుడి పల్లంలో ఉంటుంది. పూజారి దీపం దగ్గరగా పట్టుకుంటే అయిదడుగుల లింగం మీద శివుడు కనిపించాడు. మరుగుజ్జు భుజాల మీద నిలబడ్డాడు. ఒక చేత పొట్టేలు, మరో చేత చెంబు, భుజాన గొడ్డలి. అచ్చం వేటగాడే! ఒంటి మీద జంధ్యం లేదు. ఈ సంగతిని టి.ఎ. గోపీనాథరావు గారు నూరేళ్ల కిందటే తమ గ్రంథంలో రాశారు.

మా తాతలు ఊరి గుడి గడప బయటే నిలబడి దండం పెట్టుకున్నవాళ్లు. అందుకేనేమో, హారతి అయిపోయినా మాలో ఎవరికీ కదలబుద్ధి కాలేదు.