గురక తగ్గాలా... పళ్ల డాక్టర్ని అడగండి!

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో పై బెర్తు మీద ఎవరో గుర్రు పెడుతుంటారు. కింద బెర్తులవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటారు. 'కుంభకర్ణుడి తమ్ముడు' అని బిరుదు కూడా ఇచ్చేస్తారు. ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగిపోతుంది. 'అమ్మయ్య' అనుకుని అందరూ కళ్లు మూసుకుంటారు. నిజానికి భయపడాల్సింది ఆ నిశ్శబ్దానికే!

ఎందుకంటే, ఆ కాసేపూ ఆయనకు ఊపిరి ఆడకపోయి ఉండొచ్చు. గొంతులో గాలిదారి మూసుకుపోతుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. పెద్ద శబ్దంతో గాలి పీల్చుకుని మనిషి మళ్లీ నిద్రలోకి జారుకుంటాడు. పొద్దున్నే అడిగితే 'హాయిగా పడుకున్నా' అంటాడు. ఆఫీసులో మాత్రం పదకొండింటికే కునుకుపాట్లు!

దీన్నే స్లీప్ ఆప్నియా అంటారు. కనీసం పది సెకన్లు ఊపిరి ఆగినా, బాగా తగ్గినా ఒకసారి కింద లెక్క. గంటకు 5 నుంచి 15 సార్లయితే సమస్య తక్కువగా ఉన్నట్టు. 30 వరకూ మధ్యస్థం. 30 దాటితే తీవ్రం. అంటే రెండు నిమిషాలకోసారి ఎవరో పీక నొక్కి వదిలినట్టన్నమాట. అలా రాత్రంతా జరుగుతుంటే బీపీ పెరగదూ? గుండె అలిసిపోదూ? మనదేశంలో పదికోట్ల మందికి పైగా ఈ సమస్య ఉండొచ్చని ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2023లో అంచనా వేశారు. 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటలతో మనల్ని ఊపేసిన బప్పీలహరి 2022 ఫిబ్రవరిలో కన్నుమూసినప్పుడు డాక్టర్లు చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి.

దవడ ముందుకొస్తే...

ఇందులో పళ్ల డాక్టర్‌కేం పని అంటారా? నాలుక అంటుకుని ఉండేది కింది దవడకే కదా. నిద్రలో కండరాలు వదులై దవడ వెనక్కి జారితే నాలుకా దాంతోపాటే వెనక్కి పడి గొంతుకు అడ్డంపడుతుంది. దవడను కాస్త ముందుకు లాగి పట్టుకుంటే దారి తెరుచుకుంటుంది. స్పృహ తప్పినవాళ్లకు గడ్డం పైకెత్తి పట్టుకుంటారే, ఇంచుమించు అదే సూత్రం. పియర్ రాబిన్ అనే ఫ్రెంచి వైద్యుడు 1902లోనే ఈ ఆలోచనతో నోట్లో పెట్టుకునే పరికరం ఒకటి తయారుచేశాడు.

ఇప్పుడు వాడేవి చూడ్డానికి బాక్సర్లు పళ్లకు తొడుక్కునే తొడుగుల్లాగే ఉంటాయి. పై పళ్లకు ఒకటి, కింది పళ్లకు ఒకటి. పళ్ల అచ్చు తీసి, ఎవరి నోటికి తగ్గట్టు వాళ్లకే చేస్తారు. చిన్న మరలాంటి ఏర్పాటుతో కింది దవడను కొన్ని వారాలపాటు కొద్దికొద్దిగా మిల్లీమీటర్ల లెక్కన ముందుకు తెస్తారు. పళ్లే లేనివాళ్లకు నాలుకను ముందుకు పట్టి ఉంచే మరో రకం ఉంది.

ఆప్నియాకు అన్నిటికంటే గట్టి వైద్యం సీపాపే. గాలిని ఒత్తిడితో ముక్కులోకి పంపే ఈ యంత్రాన్ని ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివాన్ 1981లో ప్రపంచానికి పరిచయం చేశాడు. తీవ్రంగా ఉన్నవాళ్లకు ముందు చెప్పేది దాన్నే. కానీ మాస్కు తగిలించుకుని పడుకోవడం అందరివల్లా కాదు. వేలు పోసి కొన్న యంత్రం నాలుగు రోజులకే బీరువా ఎక్కిన ఇళ్లు ఎన్నో! బీరువాలోని యంత్రం ఎవరి ఊపిరీ కాపాడదు. నోటి పరికరం బలం దానికంటే తక్కువే అయినా, రాత్రంతా పెట్టుకుంటారు కాబట్టి సమస్య మరీ తీవ్రంగా లేనివాళ్లకు పగటి మత్తు తగ్గడంలో రెండూ దాదాపు సమానంగానే పనిచేస్తున్నాయి. అందుకే సీపాప్ పడనివాళ్లకు దీన్ని ఇవ్వమని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2015లో సూచించింది.

మల్లంపాటి వారి పరీక్ష

ఇంకో సంగతి. మన నోటిని అంత వెలుతురులో, అంతసేపు చూసేది పళ్ల డాక్టరే. పళ్లు కొరకడం వల్ల అరిగిపోయాయా, నాలుక అంచుల మీద పళ్ల గాట్లు పడ్డాయా, అంగిలి ఇరుకుగా ఉందా, గడ్డం వెనక్కి ఉందా... అన్నీ కనిపిస్తాయి. నోరు తెరిచి నాలుక చాపితే గొంతు వెనక భాగం ఎంత కనిపిస్తోందో చూసే పరీక్ష ఒకటుంది. ప్రపంచమంతా దాన్ని 'మల్లంపాటి స్కోరు' అంటారు. బోస్టన్‌లో మత్తు వైద్యుడిగా పనిచేసిన మన తెలుగాయన శేషగిరిరావు మల్లంపాటి 1985లో ప్రచురించిన పరీక్ష అది. ఆపరేషన్‌కు ముందు గొంతులో గొట్టం వేయడం ఎంత కష్టమో తెలుసుకోవడానికి ఆయన దాన్ని కనిపెడితే, ఇప్పుడు ఆప్నియా అనుమానానికీ అక్కరకొస్తోంది.

అయితే అనుమానం వేరు, నిర్ధారణ వేరు. చాలామంది దెబ్బతింటున్నది ఇక్కడే. ఆన్‌లైన్‌లో వేడినీళ్లలో ముంచి కొరికితే చాలనే తొడుగులు దొరుకుతున్నాయి. అవి పెట్టుకుంటే గురక తగ్గొచ్చు. పక్కన పడుకున్న ఇల్లాలు 'హమ్మయ్య, బాగైపోయింది' అనుకుంటుంది. లోపల ఊపిరి మాత్రం ఎప్పటిలాగే ఆగుతూ ఉండొచ్చు! చప్పుడు పోయింది కాబట్టి ఇక ఎవరికీ అనుమానమే రాదు. దీనికంటే గురక ఉండటమే నయం. కాబట్టి ముందు నిద్ర పరీక్ష. ఒంటికి తీగలు తగిలించి రాత్రంతా చూస్తారు. కొందరికి ఇంటి దగ్గరే చేసే వీలుంది. డాక్టర్ చెప్పాకే తొడుగు. అది సరిగ్గా కుదిరాక, పెట్టుకునే మరోసారి పరీక్ష. ఈ రెండో పరీక్షనే చాలామంది ఎగ్గొడతారు.

ఇబ్బందులూ లేకపోలేదు. మొదట్లో నోట్లో లాలాజలం ఊరుతుంది. పొద్దున్నే దవడ కీలు నొప్పెడుతుంది. ఏళ్ల తరబడి వాడితే పళ్ల కలయిక కాస్త మారొచ్చు. పళ్లు కదులుతున్నవాళ్లు, చిగుళ్ల జబ్బున్నవాళ్లు ముందు ఆ సంగతి చూసుకోవాలి. ఇక పిల్లల దారి వేరు. వాళ్లలో ఎక్కువగా టాన్సిల్స్, అడినాయిడ్సే కారణం. అంగిలి ఇరుకైన కొందరికి దాన్ని వెడల్పు చేసే క్లిప్పులు సాయపడతాయి.

ఆడవాళ్ల గురక గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు. పగలంతా నీరసం, పొద్దున్నే తలనొప్పి అంటే 'రక్తం తక్కువైందేమో' అని టానిక్ కొనిస్తారు. ముట్లు ఆగిన తర్వాత వాళ్లలోనూ ఈ సమస్య పెరుగుతుంది. పక్కవాళ్లు ఓ రాత్రి సెల్‌ఫోన్‌లో పది నిమిషాలు రికార్డు చేసి ఇస్తే, డాక్టర్‌కు చెప్పడానికి ఓ ఆధారం దొరుకుతుంది.